ఎత్తుకు మూడు రోజులు

రేటింగ్‌లో నాకన్నా దాదాపు 400 పాయింట్లు పైనున్న ఆటగాడి మీద ఈమధ్య చెస్‌లో ఒక కరస్పాండెన్స్ ఆట, అంటే ఒక్కో ఎత్తుకు రోజుల గడువుండే ఆట, గెలిచాను. ఈ మాట చెప్పగానే చెస్ తెలిసినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "కంప్యూటర్ పెట్టి ఆడావా?" లేదు. ఎలా గెలిచానో పూర్తిగా రాస్తే తప్ప నమ్మేలా లేరు కాబట్టి రాస్తున్నాను.

నేను పొందూరు దగ్గర ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. ఇల్లు విజయనగరంలో, అయ్యకోనేరు గట్టు దగ్గర. పొద్దున్న రైలెక్కితే నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటి పొందూరులో దిగాలి. సాయంత్రం మళ్ళీ అదే దారి. ఫోన్‌లో బ్లిట్జ్ ఆటలు ఆడే అలవాటు ఆ రైల్లోనే పట్టుకుంది. మూడు నిమిషాల ఆటల్లో నా ఆట ఏమీ బాగుండదు. ఎదుటివాడి గుర్రం రెండు పావుల మీద ఒకేసారి దాడి చేసేదాకా నాకది కనబడదు. కనబడేసరికి గడియారంలో ఇరవై సెకన్లు ఉంటాయి. సిగ్నల్ పోయి ఓడిన ఆటలు వేరే.

కరస్పాండెన్స్ వైపు నన్ను తిప్పింది మా వీధిలో ఉండే రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు గారు. నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను. ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పోస్టుకార్డుల మీద చెస్ ఆడేవారు. ఆ కార్డులు ఇప్పటికీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. కార్డు మీద ఉత్తరం ఉండదు. మీ కార్డు ఫలానా తేదీన అందింది, జవాబు ఫలానా తేదీన వేశాను అని రెండు తేదీలు, ఒక నాలుగంకెల సంఖ్య. 5254 అని ఉంటే ఐదో నిలువు వరుసలో రెండో గడి నుంచి అదే నిలువు వరుసలో నాలుగో గడికి, అంటే రాజు ముందున్న బంటు రెండు గడులు కదిలిందని అర్థం. 5171 అంటే తెల్లవాడు రాజు వైపు కోట కట్టాడని, అంటే రాజును రెండు గడులు పక్కకు జరిపి ఏనుగును దాని అవతలికి తెచ్చాడని (క్యాజిలింగ్). హంగేరీవాడికీ మనవాడికీ మధ్య ఉమ్మడి భాష లేకపోయినా ఆట నడవాలని అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ సమాఖ్య ఈ అంకెల పద్ధతి పెట్టింది. ఆ సమాఖ్య 1951లో ఏర్పడింది, ఇప్పటికీ నడుస్తోంది. కార్డుల కాలంలో పది ఎత్తులకు ముప్ఫై రోజులు గడువు. తపాలా ప్రయాణం ఆ లెక్కలోకి రాదు. అలా ఒక్కో ఆట ఏళ్ళకేళ్ళు సాగేదట.

"నీకు పావులు కనబడక కాదు, చూసే టైము లేక ఓడిపోతన్నావు," అన్నారాయన. "టైమున్న ఆట ఆడి చూడు."

సరే అని లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో ఎత్తుకు మూడు రోజుల పద్ధతిలో ఆటలు మొదలుపెట్టాను. అందులో నియమాలు మొదట్లోనే చదువుకోవడం మంచిది. ఎందుకంటే కరస్పాండెన్స్ ఆటకు అన్నిచోట్లా ఒకే నియమం లేదు. నేను చెప్పిన అంతర్జాతీయ సమాఖ్యలో ఇప్పుడు కంప్యూటర్ ఇంజిన్, అంటే మంచి ఎత్తు లెక్కకట్టి చెప్పే ప్రోగ్రాం, వాడొచ్చు, అందరూ వాడతారు. అందుకే అక్కడ పెద్ద స్థాయిలో ఆటలు ఎక్కువగా డ్రా అవుతాయి. లిచెస్‌లో ఇంజిన్ నిషేధం. మనిషి సలహా కూడా నిషేధమే. ఓపెనింగ్ డేటాబేస్ చూసుకోవచ్చు, పుస్తకాలు చూసుకోవచ్చు, పావులు అటూ ఇటూ జరిపి చూసుకోవడానికి ఇంజిన్ లేని బోర్డు ఇస్తారు, పక్కన నోట్స్ రాసుకునే చోటు ఉంటుంది. ఎత్తు వేయగానే మన గడియారం మళ్ళీ మూడు రోజులకు వస్తుంది.

బాబాయ్ గారు ఈ విషయంలో ఎంత పట్టుదల మనిషంటే, నేనొకసారి ఫోన్ తీసి బోర్డు చూపించబోతే మొహం అటు తిప్పేసుకున్నారు. "నడుస్తన్న ఆట నాకు చూపించకు. అయిపోయినాక తీసుకురా, ఎంతసేపయినా కూకుందాం." ఆట మీద సలహా ఇవ్వలేదుగానీ ఎండ్‌గేమ్‌ల మీద అట్ట చిరిగిన ఒక పాత పుస్తకం మాత్రం ఇచ్చారు. అందులో ఏనుగుల ఆఖరాటల భాగం మార్జిన్ల నిండా ఆయన పెన్సిల్ రాతలే.

ఇక ఆ ఆట. ప్రత్యర్థి నెదర్లాండ్స్ వాడు, జెండా చూసి తెలిసింది. అతని ప్రొఫైల్ తెరిచి చూస్తే అప్పటికి పదుల కొద్దీ కరస్పాండెన్స్ ఆటలు ఒకేసారి నడుపుతున్నాడు. రేటింగ్ చూసి ముందు కొంచెం టెన్షన్ పడ్డ మాట నిజం. లెక్కల మాస్టరుని కాబట్టి చెబుతాను: ఎలో అనే రేటింగ్ లెక్క ప్రకారం 400 పాయింట్ల తేడా ఉంటే కింది ఆటగాడికి పదకొండు ఆటలకు ఒక పాయింటు వస్తుందని అంచనా. అది గెలుపే అవ్వక్కర్లేదు, రెండు డ్రాలైనా సరే. లిచెస్ వాడేది గ్లికో-2 అనే పద్ధతి, అయినా అంచనా సుమారుగా ఇంతే. అయితే ఈ లెక్కకు ఒక షరతు ఉంది. ఇద్దరూ తమ మామూలు ఆట ఆడతారన్న నమ్మకం మీదే అది నిలబడుతుంది. పదకొండింటిలో ఒకటి నాది కావాలంటే అతను మామూలు కన్నా తక్కువ శ్రద్ధతో, నేను మామూలు కన్నా ఎక్కువ శ్రద్ధతో ఆడాలి. నాకు తెల్లపావులు వచ్చాయి.

ఓపెనింగ్ దగ్గర నేనేమీ తెలివి చూపించలేదు. రాజు బంటుతో మొదలై స్పానిష్ అనే ఓపెనింగ్‌లోకి వెళ్ళింది, మూడో ఎత్తుకు అతను గుర్రం బయటికి తీసి బెర్లిన్ డిఫెన్స్‌కు సిద్ధమయ్యాడు. 2000లో లండన్‌లో క్రామ్నిక్ ఈ డిఫెన్స్‌తోనే అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను నిలవరించాడు. ఆ మ్యాచ్‌లో కాస్పరోవ్ ఒక్క ఆటా గెలవలేకపోయాడు, ప్రపంచ టైటిల్ చేతులు మారింది. నాలుగో ఎత్తుకు కోట కట్టాను, అదే కార్డుల మీది 5171. ఎనిమిదో ఎత్తుకల్లా ఇద్దరి మంత్రులూ బోర్డు మీద లేరు. నల్లరాజు మధ్యలో ఇరుక్కుని కోట కట్టే హక్కు పోగొట్టుకున్నాడు. అతనికి బదులుగా దక్కింది రెండు బిషప్‌ల జోడీ. నాకు దక్కింది ఇ5లో, అంటే ఐదో నిలువు వరుసలో ఐదో గడిలో, ముందుకు పోయి నిలబడ్డ బంటు, రాజు వైపు మూడు బంట్లకు నాలుగు బంట్ల మెజారిటీ. మంత్రి వైపు అతని బంట్లు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. పావులన్నీ మారిపోయి ఉత్త బంట్ల ఆట మిగిలితే తెల్లదే గెలుపని పుస్తకాలన్నీ చెప్పే మాట.

బ్లిట్జ్‌లో అయితే ఈ దారి నాకు నచ్చదు, నీరసంగా ఉంటుంది. ఇక్కడ కావాలనే ఎంచుకున్నాను. మంత్రులు లేకపోతే మెరుపు దాడులుండవు, నా కంటికి అందని గుర్రం దెబ్బలు తగ్గుతాయి. పథకం వేసుకుని నెమ్మదిగా అమలు చేసే ఆటకు మూడు రోజుల గడువు సరిపోతుంది.

నా పద్ధతి ఇలా ఉండేది. రైల్లో మాగ్నెట్ బోర్డు మీద పొజిషన్ పేర్చుకుని పొందూరు వచ్చేదాకా చూస్తాను. పక్క సీట్లో కాజు బస్తాతో కూర్చున్న పలాస మనిషి ఒకాయన "అదేటి, ఒక్కరే ఆడుకుంతన్నారా?" అని అడిగాడు. కాదు, అవతల హాలండ్‌లో ఒకాయన ఉన్నాడంటే అనుమానంగా చూశాడు. కాలేజీలో మన గ్రాండ్‌మాస్టర్లు హంపి, హారిక, అర్జున్ పేర్లు అందరికీ తెలుసు, "ఎన్ని నిమిషాల ఆట సార్?" అని పిల్లలు అడుగుతారు. నెలలు పడుతుందంటే ఆసక్తి పోతుంది. వేయదల్చిన ఎత్తు నోట్స్‌లో రాసుకుని, ఎందుకు వేస్తున్నానో కూడా ఒక వాక్యం రాసి, ఆ పూట వేయను. మర్నాడు చూసినా అదే ఎత్తు బాగుందనిపిస్తేనే వేస్తాను. చాలాసార్లు బాగుందనిపించేది కాదు.

అతని జవాబులు మాత్రం గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లో వచ్చేవి. మనకు రాత్రి పదయితే వాళ్ళకు సాయంత్రం. ఆ వేళకు వరసగా తన ఆటలన్నిటిలో ఎత్తులు వేసుకుంటూ పోతున్నాడని అర్థమైంది. నాకు అదే పెద్ద సమాచారం. అతని రేటింగ్ అతని ఆలోచనది, ఆ సాయంత్రపు తొందరది కాదు. కాబట్టి అతన్ని ఆలోచించక తప్పని పొజిషన్లలోకి లాగాలి, కానీ పైకి మామూలుగా కనబడేలా ఉండాలి. లోపల ఏదో ఉందని కనబడితే ఆగుతాడు. ఆగితే నాకన్నా బాగా ఆడతాడు.

మధ్యలో సిరిమానోత్సవం వచ్చింది. దసరా వెళ్ళాక మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. ఊళ్ళో ఎవరింటికైనా ఆ రెండు రోజులు చుట్టాలు నిండిపోతారు. మా ఇంట్లో బొబ్బిలి నుంచి, పార్వతీపురం నుంచి వచ్చినవాళ్ళతో కాలు పెట్టే చోటు లేదు. గడియారం మూడో రోజులో ఉంది. మేడ మీదికి పోయి, వాటర్ ట్యాంకు పక్కన కూర్చుని, ముందే నోట్స్‌లో రాసి పెట్టుకున్న ఎత్తు ఇంకోసారి సరిచూసి వేసి వచ్చాను. పైకి మామూలుగా కనబడే ఎత్తే అది, గుర్రాన్ని మధ్యలోకి తేవడం. అతను వెంటనే తన బిషప్‌తో ఆ గుర్రాన్ని తీసేశాడు. ఓపెనింగ్ నుంచీ అతనికున్న బలమంతా ఆ రెండు బిషప్‌ల జోడీయే. దాన్ని తనే విడగొట్టుకున్నాడు. చుట్టాల మధ్య నుంచి ఫోన్ చూసి నవ్వుతుంటే మా ఆవిడ "ఏటి, లాటరీ తగిలిందా?" అంది.

ఆ తర్వాత కొన్ని వారాలు పావులు మారుతూ పోయాయి. ఆ భాగం గురించి చెప్పేదేమీ లేదు, ఎవరూ గొప్పగా ఆడలేదు. చివరికి మిగిలినవి ఐదు పావులు. నాకు రాజు, ఏనుగు, అదే ఇ5 బంటు. అతనికి రాజు, ఏనుగు. నా రాజు డి5లో, ఏనుగు హెచ్7లో. అతని రాజు బంటుకు ఎదురుగా ఇ8లో, ఏనుగు ఎ1లో. ఎత్తు అతనిది.

ఇక్కడినుంచి నాకు నిద్ర తక్కువైంది. ఎందుకంటే ఇది డ్రా కావలసిన పొజిషన్. రెండు వందల ఏళ్ళకు పైగా తెలిసిన డ్రా. బాబాయ్ గారిచ్చిన పుస్తకంలో ఈ భాగం దగ్గర పెన్సిల్‌తో గట్టిగా గీసి ఉంది. దీన్ని కాచుకునే పద్ధతిని ఫిలిడోర్ పేరుతో పిలుస్తారు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచివాడు, తన కాలంలో చెస్‌లో మేటి, వృత్తికి మాత్రం సంగీతకారుడు, ఒపేరాలు కట్టినవాడు. 1919లో సంగీత పాఠశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టిన ఊరివాణ్ణి, ఆ సంగతి తెలిశాక ఫిలిడోర్ మీద నాకు అభిమానం పెరిగింది. ఆట మాత్రం ఆయన పద్ధతి ప్రత్యర్థికి గుర్తు రాకూడదని కోరుకుంటూ ఆడాను.

పద్ధతి ఏమిటంటే: కాచుకునేవాడు ఏనుగును తన వైపు నుంచి మూడో అడ్డవరుసలో పెట్టాలి. ఇక్కడైతే ఎ6లో. అప్పుడు నా రాజు ఆ వరుసలోకి రాలేడు. నేను విసిగి బంటును ఇ6కు తోస్తే, నా రాజు దాక్కోవడానికి బంటు ముందు చోటు ఉండదు. వెంటనే అతను ఏనుగును బోర్డు చివరికి దింపి వెనకనుంచి చెక్‌ల మీద చెక్‌లు ఇస్తాడు. డ్రా. ఇంతే. తెలిసినవాడికి ఒక్క ఎత్తు చాలు.

అతను ఏనుగును ఇ1కు జరిపాడు, నా బంటు వెనక్కి. జవాబు వచ్చేసరికి నేను ఎత్తు వేసి పావుగంట కూడా అయి ఉండదు. బంటును వెనకనుంచి పట్టుకోవాలన్నది మామూలుగా మంచి సూత్రమే. ఆ సూత్రం చేతికి వచ్చినంత తేలిగ్గా ఎ6 రాలేదనుకుంటాను. నేను వెంటనే వేయలేదు, రెండు రోజులు తీసుకున్నాను. రాజును ఇ6లోకి తీసుకెళ్ళాను. ఇప్పుడు హెచ్8లో ఏనుగు చెక్ ఇస్తే మాట్. రాజు కదలక తప్పదు.

అయినా ఇంకా డ్రాయే! ఈ ఆఖరాటల్లో నన్ను ఆశ్చర్యపరిచేది అదే, ఒక తలుపు మూసుకుపోయినా ఇంకోటి తెరిచి ఉంటుంది. రాజు ఏ పక్కకు వెళ్ళాలన్నది ప్రశ్న. ఇ-వరుసకు ఒక పక్క ఎఫ్, జి, హెచ్ మూడు వరుసలే. రెండో పక్క ఎ, బి, సి, డి నాలుగు. రాజు చిన్న పక్కకు, అంటే ఎఫ్8కు వెళ్ళాలి. అప్పుడు పెద్ద పక్క మొత్తం ఏనుగుకు ఖాళీగా ఉంటుంది, ఎ-వరుస నుంచి చెక్‌లు ఇస్తుంటే నా రాజు ఆ ఏనుగు దగ్గరికి పోవడానికి చాలా నడవాలి. ఆ దూరమే కాచుకునేవాడి బలం.

ఈసారి జవాబు ఆలస్యమైంది. ఒక రోజంతా రాలేదు. ఆగి ఆలోచిస్తున్నాడని అర్థమై, డ్రాకు మనసు సిద్ధం చేసుకున్నాను. 400 పాయింట్ల తేడా మీద డ్రా కూడా చిన్నదేం కాదు. మర్నాడు పొందూరు స్టేషన్‌లో దిగుతుంటే ఫోన్ మోగింది. రాజు డి8లో ఉన్నాడు. పెద్ద పక్కకు.

రాజు పక్క తప్పాడంటే ఏనుగుకు మిగిలేది చిన్న పక్కే. నేను చెక్ ఇచ్చి అతని రాజును సి7కు తోసి, ఏనుగును ఇ8లో బంటు వరుస మీదికి తెచ్చాను. అతను హెచ్-వరుసకు పోయి చెక్‌లకు సిద్ధమయ్యాడు గానీ దూరం చాలలేదు. నా ఏనుగు జి8కు జరిగేసరికి పప్పులు ఉడకలేదు. తర్వాత బంటు ఒక్కో గడీ ఎక్కింది.

చివరిది లూసెనా పొజిషన్. నా బంటు ఏడో వరుసలో, దాని ముందు నా రాజు, అతని రాజు నా ఏనుగు వల్ల దూరంగా. లూసెనా పేరుతో చలామణీ అవుతున్నా, 1497 నాటి ఆయన పుస్తకంలో ఈ పొజిషన్ లేదు. కనబడేది 1634లో వచ్చిన సాల్వియో పుస్తకంలో. గెలిచే దారికి వంతెన కట్టడం అని పేరు. ఏనుగును నాలుగో అడ్డవరుసకు తెచ్చి ఉంచుతాం. రాజు బంటు ముందునుంచి బయటికి వస్తాడు, అవతలి ఏనుగు చెక్‌లు ఇస్తుంది, రాజు ఒక్కో మెట్టూ దిగివస్తాడు, ఐదో వరుసకు వచ్చేసరికి మన ఏనుగు మధ్యలో అడ్డం నిలబడుతుంది. ఇక చెక్‌లు లేవు. ఈ ఎత్తులన్నీ నేను ముందస్తు షరతు ఎత్తులుగా పెట్టేశాను, అతను ఊహించినట్టు ఆడితే నా జవాబు దానంతటదే పడిపోయేలా. నా ఏనుగు నాలుగో వరుసకు చేరగానే అతను ఓటమి ఒప్పుకున్నాడు. "బాగా ఆడారు. ఎఫ్8 ఆడాల్సింది" అని ఇంగ్లీషులో ఒక ముక్క రాశాడు. మంచి మనిషి.

ఆ ఆదివారం బాబాయ్ గారింటికి వెళ్ళాను. ఇప్పుడు చూడొచ్చు కదా అంటే కళ్ళజోడు తెచ్చుకుని, చెక్క బోర్డు మీద మొదటి ఎత్తునుంచీ పేర్పించారు. ఫోన్‌లో కంప్యూటర్ విశ్లేషణ కూడా పెట్టాను. ఐదు పావుల పొజిషన్లకు అంచనా అక్కర్లేదు, ఏడు పావుల దాకా ప్రతి పొజిషన్ తీర్పూ టేబుల్‌బేస్ అనే కంప్యూటర్ పట్టికలో లెక్కకట్టి ఉంది. అతని ఇ1 ఎత్తు తర్వాత కూడా డ్రా అనే చూపించింది, డి8 తర్వాత తెల్లకు గెలుపు. పుస్తకం చెప్పినదే. నేను సంబరపడుతుంటే ఆయన బెర్లిన్ భాగం దగ్గర ఆగి, "ఈ బిషప్‌తో నీ గుర్రాన్ని తియ్యకపోతే నువ్వేటి చేసీవోడివి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. గంటసేపు ఆ పొజిషన్ మీదే కూర్చున్నాం. పిన్ని గారు రెండుసార్లు టీ తెచ్చారు. నల్లకే కొంచెం మెరుగని తేలింది.

ప్రత్యర్థి రీమ్యాచ్ పంపాడు, రంగులు మార్చి. ఒప్పుకున్నాను. ఈసారి అతని జవాబులు నిమిషాల్లో రావడం లేదు. ప్రతి ఎత్తుకూ రెండో రోజు దాటించి వేస్తున్నాడు, నా రాజు వైపు అతని బంట్లు అప్పుడే ఐదో వరుసకు వచ్చేశాయి. ప్రస్తుతం గడియారంలో నాకు ఇంకా ఒకటిన్నర రోజు ఉంది, ఎత్తు మాత్రం ఇంకా దొరకలేదు.